తాళంకప్ప కోసం ముప్పై ఒక్క దుప్పట్లు

ఆ ఉదయం దర్జీ పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, బ్యాంకు కాపలావాళ్ల ఏడు చొక్కాలకు కాజాలు కుట్టడం. రెండోది, సాయంత్రం నాలుగింటి దాకా నోరు మెదపకుండా ఉండటం. రెండింట్లో కాజాల పనే కష్టమనుకున్నాడు.

ముందురోజు పొద్దువాలే వేళ తాళంకప్ప కొట్టుకు వచ్చాడు. ఊరి ఫుట్‌బాల్ జట్టులో తొమ్మిదేళ్లుగా వెనక వరసలో నిలబడి ఆడుతున్న డిఫెండర్ అతను. అవతలివాళ్లు బంతి తీసుకుని అతని దాకా రావడమే గాని దాటి పోవడం ఉండదు గనక జనం ఆ పేరు పెట్టారు. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు. మనిషి ఆరడుగుల పైమాట. గొంతు మాత్రం పక్కవాడికి కూడా సరిగా వినబడదు. భార్య ఆరు గంటల బస్సు ప్రయాణమంత దూరంలో, ఇంకో ఊరి ఆసుపత్రిలో నర్సు. అయిదేళ్ల కూతురు ఆమె దగ్గరే. నెలకోసారి వెళ్లినప్పుడు ఒక దారం మీద ముడులు వేసి పిల్ల కొలతలు తెచ్చేవాడు. దర్జీ గౌను కుట్టి ఇచ్చేవాడు. మళ్లీ నెలకు దాన్ని తీసుకెళ్లేసరికి గౌను పొట్టయ్యేది.

ఆ సాయంత్రం అతని చేతిలో దారం లేదు.

"ఈసారి కొలత తేలేదు బాబాయ్. ఇకమీదట పిల్లనే అక్కడి టైలర్ దగ్గరికి తీసుకెళ్తా."

దర్జీ సూది ఆపాడు.

"నన్ను ఆ ఊరి జట్టుకి ఇచ్చేస్తున్నారు. బదులుగా వాళ్ల ఫార్వర్డ్ ఒకడు ఇక్కడికి వస్తాడు. రేపు నాలుగింటికి సంతకాలు."

"నువ్వు అడిగావా?"

"మూడేళ్లుగా అడుగుతున్నా. కోచ్‌ని మాత్రమే. ఆయన అది తన ఆలోచన అన్నట్టు పెద్దాయనకి చెప్పి ఒప్పించాడు. పోతానని నేనే అడిగినట్టు తెలిస్తే పెద్దాయన పంపడు."

పెద్దాయన అంటే జట్టు యజమాని. ఊళ్లో పెంకుల ఫ్యాక్టరీ కూడా ఆయనదే. మనసు వెన్న. అయితే తన దగ్గరున్నవాడు తనంతట తాను పోతానంటే మాత్రం ఓర్చుకోలేడు. అలా అడిగిన గోల్‌కీపర్‌ను వెళ్లనివ్వకుండా, ఆడనివ్వకుండా రెండేళ్లు బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆ రెండేళ్లూ అతని పుట్టినరోజుకు కేకు పంపించడం మాత్రం మానలేదు.

"సంతకాలయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దు బాబాయ్. పిన్నికి కూడా."

"చెప్పను" అన్నాడు దర్జీ. మాటలు తక్కువగా వాడే మనిషి. అందుకని ఇచ్చిన కొద్ది మాటలూ నిలబెట్టుకోవడం అతనికి ఎప్పుడూ కష్టం కాలేదు.

ఉదయం ఎనిమిదిన్నరకు మొదటి చొక్కా మూడో కాజా మీద ఉండగా లెక్కల మాస్టారు పేపరు చంకలో పెట్టుకుని వచ్చాడు. రిటైరై పదేళ్లయినా ఆయన నడకలో బడి గంట మోగుతూనే ఉంటుంది. వెనక సైకిల్ మెకానిక్, బేకరీ నడిపే అక్క. జట్టు ఆడిన ఏ ఆటా వదలనివాళ్లు ఆ ముగ్గురూ.

"పేపర్లో వేశారు, చూశావా టైలరూ! మన తాళాన్ని ఊడబీకి ఇచ్చేస్తున్నారు" అన్నాడు మాస్టారు.

దర్జీ తల ఊపాడు.

"తొమ్మిదేళ్లు ఆడించుకుని, చెప్పాపెట్టకుండా బస్సెక్కించేస్తారా? ఆ అబ్బాయి ఎంత ఏడుస్తున్నాడో!" అంది అక్క.

దర్జీ చొక్కా వంక చూశాడు. అతని మౌనం చూసి అక్క కళ్లు తుడుచుకుంది.

మాస్టారు కొట్లో ఉన్న ఒకే ఒక్క స్టూలు మీద కూర్చుని పథకం చెప్పాడు. నాలుగడుగుల గుడ్డ, రెండు కర్రలు. దాని మీద ఆయనే రంగుతో 'మా తాళం మాకే కావాలి' అని రాస్తాడు. దర్జీ అంచు మడిచి కుట్టివ్వాలి. దాన్ని తీసుకెళ్లి పెద్దాయన ఆఫీసు గేటుకు కట్టి నిలబడాలి.

"ఎంతమంది?" అన్నాడు దర్జీ.

"ప్రస్తుతానికి మేం ముగ్గురం."

"ఎంతసేపు?"

"పన్నెండింటికి నేను మాత్ర వేసుకోవాలి" అన్నాడు మాస్టారు.

పది నిమిషాల పని. కుట్టి చేతిలో పెట్టి ఉంటే ముగ్గురూ వెళ్లి, ఎండకు కాసేపు నిలబడి, మాత్ర వేళకు ఇళ్లకు పోయేవారు. ఈ సంగతి దర్జీకి ఆ తర్వాత చాలా రోజులపాటు, ముఖ్యంగా అన్నం ముందు కూర్చున్నప్పుడు, గుర్తుకొస్తూ ఉండేది. ఆ పూట మాత్రం అతనికి ఒకటే తోచింది, నాలుగింటి దాకా ఎలాగోలా ఆలస్యం చేయాలి.

"కొలత లేకుండా నేను కుట్టను మాస్టారూ."

"బ్యానరుకి కొలతేమిటయ్యా?"

"కట్టేది గేటుకి కదా. గేటు కొలత కావాలి. ఎత్తు, వెడల్పు. కమ్మీల మధ్య ఎడం కూడా."

మాస్టారు అతని వంక మెచ్చుకోలుగా చూశాడు. లెక్క ప్రకారం నడిచేవాళ్లంటే ఆయనకు గౌరవం. టేపు తీసుకుని ముగ్గురూ వెళ్లారు.

పట్టపగలు ఆఫీసు గేటును టేపుతో కొలుస్తుంటే ఆగి చూడకుండా పోయేవాళ్లు ఎవరుంటారు? కాపలావాడు వచ్చి అడిగాడు. పాలు పోసి వస్తున్నవాళ్లు అడిగారు. బస్సు ఆపి డ్రైవరు అడిగాడు. అడిగిన ప్రతివాడికీ మాస్టారు పాఠం చెప్పినట్టు మొదటినుంచి చెప్పాడు. పది దాటాక వాళ్లు కొట్టుకు తిరిగొచ్చేసరికి ముగ్గురు కాస్తా పద్దెనిమిదిమంది అయ్యారు.

"నలభై రెండడుగులు" అన్నాడు మెకానిక్ చెమట తుడుచుకుంటూ. "కమ్మీల మధ్య నాలుగు వేళ్లు. ఒక్క చోట అయిదు. ఎవడో వంచాడు."

దర్జీకి ప్రాణం కుదుటపడింది. "నలభై రెండడుగుల గుడ్డ నా దగ్గర లేదు. ఊళ్లో ఎవరి దగ్గరా లేదు" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఒకేసారి రెండు వాక్యాలు మాట్లాడాడు. అది కూడా దుఃఖం వల్లేననుకున్నారు.

వెనక గది తెర పక్కకు జరిగింది. దర్జీ భార్య బొత్తాల డబ్బా పక్కన పెట్టి బయటికి వచ్చింది. చేతిలో వాళ్ల మంచం మీది నీలం దుప్పటి.

"ఇది తీసుకోండి. ఆయన అడగలేరు. నిన్న సాయంత్రం నుంచీ మనిషి మనిషిలా లేరు. ఏమిటండీ అంటే 'ఏం లేదు' అంటారు. ఏం లేకపోతే అన్నంలో నీళ్లు పోసుకుని చేయి కడుక్కున్నారా?"

"నువ్వు లోపలికెళ్లు" అన్నాడు దర్జీ.

"చూశారా, ఒప్పుకోరు" అందామె.

బేకరీ అక్క ఆ దుప్పటిని కళ్లకద్దుకోబోయి, ఆగి, భుజం మీద వేసుకుని వీధిలోకి పరుగెత్తింది. "టైలరన్న కప్పుకునే దుప్పటే ఇచ్చేశాడు! కప్పుకోవడానికి ఇంకోటి లేదట!" అన్న మాట రెండు వీధులు తిరిగింది. రెండో వీధి చివరికి చేరేసరికి అతను మంచం కూడా ఇచ్చేశాడు. పదకొండున్నరకల్లా కొట్టు ముందు ముప్పై ఒక్క దుప్పట్లు పోగుపడ్డాయి. చారలవి, పువ్వులవి, బాతులవి. ఒకటి తీగ మీంచి తడిగానే వచ్చింది. ఒకదాని మూలన ఫలానా లాడ్జి ఆస్తి అని ముద్ర ఉంది. తెచ్చినాయన దాన్ని లోపలికి మడిచి పెట్టాడు.

దుప్పట్లు సగానికి మడిచి మూడు వరసలుగా అతకాలని మాస్టారు లెక్క తేల్చాడు. దర్జీ మిషను ముందు కూర్చున్నాడు. అందరూ పోగుల వంక చూస్తుండగా కిందికి వంగి, చిన్న కత్తెరతో తన మిషను బెల్టు తానే కోసుకున్నాడు. ఇరవై రెండేళ్ల మిషను. తండ్రిని వెంటబెట్టుకుని వెళ్లి కొన్నది.

"బెల్టు తెగింది" అన్నాడు.

"ఓస్ ఇంతేనా అన్నా!" అన్నాడు మెకానిక్. పాత ట్యూబు ముక్క తెచ్చి, సన్నగా కోసి, బిగించాడు. మిషను మునుపటికన్నా జోరుగా తిరిగింది. అంతటితో ఊరుకున్నాడా? పక్క వీధి దర్జీలిద్దరి మిషన్లు తోపుడుబండి మీద ఎక్కించి తెచ్చాడు. ఆ ఇద్దరూ వెంట వచ్చారు. ఇరవై ఏళ్లుగా ఇతనితో మాటల్లేనివాళ్లు.

"ఇలాంటప్పుడు కూడా పట్టింపులేమిటి" అంటూ చెరోవైపు కూర్చున్నారు.

దర్జీ ఫోను తీసి చాటుగా తాళంకప్పకు చేశాడు. పేపరువాళ్ల బాధ పడలేక కాబోలు, అతను ఫోను కట్టేశాడు. "దారం తెస్తాను" అని లేవబోతే నలుగురు లేచి నాలుగు దుకాణాలకు వెళ్లి నలభై ఉండలు తెచ్చారు.

ఈలోపు గుడ్డ పెరిగింది కనుక మాస్టారు వాక్యం కూడా పెరిగింది. 'మా తాళం మాకే కావాలి' అనేదానికి ముందు 'అయ్యా' చేరింది. తర్వాత 'తొమ్మిది సంవత్సరాలుగా' చేరింది. ఆయన ఒక దుప్పటి మొత్తం ఆశ్చర్యార్థకానికి కేటాయించి, ఇంకా మూడు మిగిలితే జట్టు ఇప్పటిదాకా ఆపిన గోల్స్ లెక్క వేశాడు.

ఇక దర్జీకి మిగిలింది ఒకటే దారి. అతుకులు వదులుగా వేస్తే చాలు. గాలికి గుడ్డ విడిపోతుంది, జనం నవ్వుకుని పోతారు. అలాగే అనుకుని మొదటి అతుకు పొడుగు కుట్లతో మొదలుపెట్టాడు. జానెడు వెళ్లాక చేయి ఆగిపోయింది. వెనక్కి తిప్పి, విప్పి, సన్నకుట్టు వేశాడు. దాని మీద ఇంకో వరస. మళ్లీ వదులుగా మొదలుపెట్టాడు, మళ్లీ విప్పాడు. ఎందుకు విప్పుతున్నాడో తనకే తెలియదు. వదులు కుట్టు ఎలా వేయాలో ఆ చేతికి ఎవరూ నేర్పలేదు.

"చూడండి, దుప్పటి అతుక్కి కూడా రెండు వరసలు. అభిమానమంటే అదీ" అన్నాడు మాస్టారు.

మూడున్నరకు ఊరు ఊరంతా గేటు ముందుంది. కట్టీకట్టగానే గాలి లేచింది. నలభై రెండడుగుల గుడ్డ ఒక్కసారి పొట్ట ఉబ్బించి, పడవ తెరచాపలా చప్పుడు చేస్తూ నిలబడింది. పక్క వీధి దర్జీలు కుట్టిన అతుకులు రెండు చోట్ల పిగిలాయి. ఇతనివి ఒక్కటీ కదల్లేదు. 'మాకే కావాలి' అన్నది మొత్తం ఇతని వైపే ఉంది.

నాలుగుకు పది నిమిషాలుండగా పెద్దాయన బయటికి వచ్చాడు. ఒక చేతిలో కాగితాలు, ఒక చేతిలో కలం. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చదివాడు. బాతుల దుప్పటి దగ్గర ఆగి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇంత ప్రేమ ఉందని నాకెవ్వరూ చెప్పలేదేమయ్యా! ఇళ్లల్లో కప్పుకునే దుప్పట్లు తెచ్చారా! నేనేమైనా రాతిమనిషినా?" అని కాగితాలు నిలువునా చింపి, మళ్లీ అడ్డంగా చింపాడు. "ఎక్కడికీ పంపను. ఇంకో మూడేళ్లు ఇక్కడే. ఇది నా మాట!"

జనం కేకలకు ఆఫీసు రేకులు అదిరాయి. దర్జీని భుజాల మీదికి ఎత్తారు. వద్దని కాళ్లు కొట్టుకున్నాడు. సంతోషం పట్టలేకపోతున్నాడనుకుని ఇంకా పైకి ఎత్తారు. మొదటి అంతస్తు కిటికీ ఎత్తుకు వచ్చాడు. కిటికీలో తాళంకప్ప నిలబడి ఉన్నాడు, కొత్త చొక్కా, పక్కన సర్దిన సంచి. అద్దానికి అటూ ఇటూ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తాళంకప్ప కాసేపటికి చెయ్యెత్తి ఊపాడు. కింద జనం చూస్తున్నారు కదా మరి. పద్ధతి తెలిసిన మనిషి.

ఇంటికి వచ్చాక దర్జీ భార్యకు అంతా చెప్పాడు. ఆమె దుప్పటి లేని మంచం మీద కూలబడింది.

"మొదటి దుప్పటి నేనే ఇచ్చాను కదండీ" అంది.

"నువ్వు అడిగావు. నేను చెప్పలేదు."

"ఇంకెప్పుడైనా ఏమైనా దాస్తే కాస్త తెలిసేలా దాచండి."

మర్నాడు ఆమె వెళ్లి మాస్టారికి, మెకానిక్‌కి, అక్కకి చెప్పింది. మాస్టారు మాత్ర వేసుకోవడం మరిచిపోయాడు. అక్క "ఆరు గంటల బస్సా? పిల్లకి అయిదేళ్లా?" అని అడిగిందే అడిగింది. ఆ ఊరి జట్టువాళ్లు నెలాఖరు దాకా చోటు ఉంచుతామన్నారని కోచ్ ద్వారా తెలిసింది. వెంటనే దర్జీతో కలిసి నలుగురూ పెద్దాయన దగ్గరికి వెళ్లారు. తాళంకప్పే అడిగాడని చెప్పడానికి లేదు. గోల్‌కీపర్ సంగతి అందరికీ గుర్తుంది.

"అతన్ని పంపించేయండి సార్. మేం ఆలోచించుకున్నాం" అన్నాడు మాస్టారు.

పెద్దాయన నలుగురినీ మార్చి మార్చి చూసి, పెద్దగా నవ్వాడు. "నా మాట మీద నిలబడతానా లేదా అని పరీక్ష పెడుతున్నారు కదూ? నిన్న చించిన కాగితం ఇవాళ అతికించేవాణ్ణి కాదు నేను. వెళ్లండి, టీ తాగి వెళ్లండి."

టీ తాగి బయటికి వచ్చాక మాస్టారు రెండో పథకం చెప్పాడు. జనం కావాలన్నారని ఉంచుకున్నాడు కాబట్టి జనం వద్దంటే పంపుతాడు. అందుకని వచ్చే మూడు ఆటల్లో తాళంకప్పను తిట్టాలి. లెక్క ప్రకారం అందులో తప్పు లేదు.

దర్జీ వెళ్లి తాళంకప్పకు చెప్పాడు. క్షమించమని కూడా అడగాలనుకున్నాడు గాని పథకం మాటలతోనే ఆపేశాడు.

"తిట్టండి బాబాయ్, పర్లేదు."

"నువ్వు కూడా కాస్త చెడగొట్టి ఆడు."

"చూస్తాను. కాళ్లు వినవు" అన్నాడు అతను.

వినలేదు కూడా. ఆ మూడు ఆటల్లో అతన్ని దాటి ఒక్క బంతీ పోలేదు. ఒక్కొక్కటి ఆపుతుంటే జనం చప్పట్లకు లేచిన చేతుల్ని దింపుకుని తిట్టాల్సి వచ్చింది. అలవాటు లేని పని.

"పోరా మొద్దూ! నీ ఆట తగలెయ్య!" అని అరిచి బేకరీ అక్క గొంతు తగ్గించి, "మంచినీళ్లు తాగు నాయనా, ఎండగా ఉంది" అనేది.

"సున్నా! నీకు సున్నా!" అని మాస్టారు లేచి అరిచేవాడు. ముప్పై అయిదేళ్ల ఉద్యోగంలో ఎవరికీ సున్నా వెయ్యలేదాయన. రెండో ఆటలో కళ్లద్దాలు తీసేసి అరిచాడు, చూడకపోతే తేలికగా ఉంటుందని. మెకానిక్ అవతలి జట్టు ఆటగాణ్ణి తిడుతూ మధ్యలో తాళంకప్ప పేరు చేర్చేవాడు. ఎందుకు తిడుతున్నారో తెలియని కుర్రకారు మాత్రం పెద్దవాళ్లే తిడుతున్నారు కదా అని మనస్ఫూర్తిగా తిట్టారు. దర్జీ నోరు తెరవలేకపోయాడు. మైదానం మీద తాళంకప్ప చెమట తుడుచుకుంటూ ఒక్కోసారి వాళ్ల వైపు చూసి, చిన్నగా తల పంకించేవాడు, బాగానే తిడుతున్నారన్నట్టు.

నెలాఖరుకు రెండు రోజులుండగా పెద్దాయన కబురు పెట్టాడు. నలుగురూ పరుగెత్తారు.

"పంపేశాను" అన్నాడు ఆయన.

అక్క చేతులు జోడించింది. మాస్టారు దర్జీని కౌగిలించుకున్నాడు. పెద్దాయన ముఖం విచారంగా ఉంది.

"ఇన్నేళ్లు ఆడినవాణ్ణి మీరంతా అలా తిడుతుంటే నాకు నిద్ర పట్టలేదు. మీ మనసు అంత విరిగిపోయాక ఇంకా మీ కళ్లెదుట ఎందుకు? మొన్నటి జట్టువాళ్లు మళ్లీ అడిగారు. ఇవ్వనన్నాను. వాళ్లు మన పక్కవాళ్లు. ఏడాదికి నాలుగుసార్లు ఇక్కడికే వచ్చి ఆడతారు. మిమ్మల్ని మళ్లీ బాధపెట్టడం నాకిష్టం లేదు. అందుకని ఉత్తరాదిన చిట్టచివరి ఊరి జట్టుకు పంపాను. మీకు ఇంకెప్పుడూ కనబడడు."

మెకానిక్ గోడ మీది పటం దగ్గరికి వెళ్లి వేలితో వెతికాడు. ఆ వేలు చాలా పైకి వెళ్లింది.

"భార్య ఉన్న ఊరి నుంచి ఎంత?" అంది అక్క మెల్లగా.

"రైల్లో పదహారు గంటలు" అన్నాడు మాస్టారు. ఆయనకు లెక్క తప్పదు.

దర్జీ అక్కడే నోరు విప్పాడు. తాళంకప్ప మూడేళ్లుగా అడుగుతున్న సంగతి, కోచ్ సంగతి, పిల్ల సంగతి అంతా చెప్పాడు. ఒక మనిషి ఏడాదికి సరిపడా వాడే మాటలన్నీ ఒక్క గుక్కలో వాడేశాడు. పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"నాతో ఒక్క మాట చెప్పి ఉండాల్సింది" అన్నాడు. చెప్పి ఉంటే పంపేవాడా అని ఎవరూ అడగలేదు. కాగితాల మీద అప్పటికే రెండు జట్ల సంతకాలూ పడ్డాయి.

మర్నాడు బస్సుకు వెళ్తూ తాళంకప్ప కొట్టు ముందు ఆగాడు. దర్జీ లేచి నిలబడ్డాడు. చేతిలో ఏం పట్టుకోవాలో తోచక కత్తెర పట్టుకున్నాడు.

"నా వల్లే..." అన్నాడు.

"అదేం లేదు బాబాయ్. మీరు ఎవ్వరికీ చెప్పలేదు. నేను అడిగింది అదే కదా" అన్నాడు తాళంకప్ప. సంచి భుజం మార్చుకుని వెళ్లాడు.

అభిమానుల కోరికను ఇంతగా మన్నించే జట్టు మరొకటి లేదని పెద్దాయన చెప్పినట్టు మరుసటి రోజు పేపర్లో వచ్చింది. లెక్కల మాస్టారు రెండుసార్లు చదివి చూశాడు గాని, అందులో తప్పేమీ దొరకలేదు.